దస్తావేజులలోని మాటలు: గృహిణులెరుగవలసిన యర్థములు

మనము నగ కొనబోయినపుడు బంగారమునకు వన్నె యెంత, తరుగెంత, మజూరి యెంత యని పదిమారులడుగుదుము. చీర కొనునపుడు మడతలన్నియు విప్పించి కొంగును, అంచును, నేతను పరికింతుము. కాని యేండ్లతరబడి కూడబెట్టిన ధనము వెచ్చించి యిల్లు కొనునపుడు మాత్రము, లేఖరి చదివిన దస్తావేజును సగము విని సగము వినక, చూపినచోట చేవ్రాలుచేసి లేచివత్తుము. “ఆ కోర్టుమాటలు మనకేల? పురుషులు చూచుకొందురు” అనుట మనలో పరిపాటియైనది.

ఆ మాటలు అలంకారములు కావు. ఒక మాటతో హక్కు చేతికి వచ్చును. వేరొక మాటతో చేజారిపోవును. “సర్వహక్కులతో” అని యుండవలసినచోట “జీవితానుభవమునకు” అని యున్నయెడల, ఇల్లు తనకు దక్కినట్లే యా యిల్లాలికి తోచును. కాని యామె దాని నమ్మజాలదు, కూతునకు వ్రాసియీయజాలదు. వ్రాతలో భేదము ఒకటి రెండు మాటలే; బ్రతుకులో భేదము కొండంత. కావున ఇల్లుగాని స్థలముగాని కొనునపుడును, అద్దెకు దీసికొనునపుడును, పంపకములయందును తరచుగా వినబడు మాటల యర్థములను, మన రెండు తెలుగు రాష్ట్రముల వాడుకను బట్టి యీ వ్యాసమున వివరించెదను.

స్వత్వము, స్వాధీనము

అన్నిటికంటె ముందు తెలియవలసిన భేదమిది. స్వత్వమనగా హక్కు, దీనినే నేడు టైటిల్ అందురు. స్వాధీనమనగా ఆస్తి తన చేతిక్రింద నుండుట. అద్దెకున్నవారికి స్వాధీనము గలదు, స్వత్వము లేదు. ఇది క్రొత్త విచారము కాదు. మన ధర్మశాస్త్రకారులు హక్కు వచ్చిన మార్గమును ఆగమమనియు, అనుభవమును భుక్తియనియు పేర్కొని, రెంటిలో దేనికి బలమెక్కుడని విచారించిరి. విజ్ఞానేశ్వరుని మితాక్షరయందు ఈ చర్చ గలదు. ఆ శాస్త్రమును 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను.

కావున అమ్మువానిని అడుగవలసిన మొదటి ప్రశ్న “ఇది మీకెట్లు వచ్చినది?” అనునదే. అతడు కొన్న దస్తావేజు, అతనికి అమ్మినవారి దస్తావేజు, వారికి పూర్వులది, ఈ వరుసను లింకు దస్తావేజులందురు. న్యాయవాదులు సాధారణముగా 30 ఏండ్ల వరుసనైనను చూతురు. నడుమ నొక లంకె లోపించిన యెడల, ఆ లోపమేలకలిగెనో తెలియువరకు బయానా యీయరాదు.

ఇంటిపన్ను రసీదును, విద్యుత్తు బిల్లును చూపి “ఇల్లు మాదే” అనువారు కలరు. పన్ను కట్టినంతమాత్రమున స్వత్వము రాదు. ప్రభుత్వ దాఖలాలలో పేరు మార్పించుకొనుటకు మ్యుటేషన్ అని పేరు. అది పన్ను వసూలు మున్నగువానికై చేయబడునదే గాని హక్కును పుట్టించునది కాదని సుప్రీంకోర్టు పలుమారులు చెప్పియున్నది. ఐనను కొన్నవెంటనే దానిని చేయించుకొనక మానరాదు. పాతపేరు నిలిచియున్నచో తగవునకు చోటిచ్చినట్లగును. రిజిస్ట్రేషనును గూర్చియు ఒక భ్రమ గలదు. ఆ కార్యాలయము పత్రమును నమోదు చేయునే గాని, అమ్మువాని హక్కునకు పూచీపడదు. లేని హక్కును వేయి ముద్రలు కలిగింపజాలవు.

అట్లని స్వాధీనమును అలక్ష్యము చేయగూడదు. పరుల భూమిని వారి హక్కునకు ప్రతికూలముగా, బహిరంగముగా, ఎడతెగక 12 ఏండ్లు అనుభవించిన యెడల, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము అసలు హక్కుదారుని దావాకు కాలదోషము పట్టును. ఖాళీస్థలము కొని దూరదేశమున నుండువారు కంచె వేయించి, అపుడపుడు చూచిరావలెనని పెద్దలు చెప్పుట ఇందుచేతనే.

అమ్మకపు పత్రములు

బేరము కుదిరిన గుర్తుగా ముందిచ్చు సొమ్ము బయానా. పూర్వులు దీనిని సంచకరువనిరి. బయానాతో వ్రాసికొనునది విక్రయపుటగ్రిమెంటు. ఇది ముందు అమ్మెదమను మాటయే గాని అమ్మకము కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము దీనివలన ఆస్తియందు హక్కేమియు సంక్రమింపదని స్పష్టముగా జెప్పుచున్నది. ఆంధ్రప్రదేశమున 1999 సవరణము మొదలు, 100 రూపాయలును అంతకు మించిన విలువయుగల స్థిరాస్తి విషయమున ఈ యగ్రిమెంటును సైతము రిజిస్టరు చేయింపవలసియున్నది. ఎంత సొమ్ము ముట్టినది, శేషమెన్నాళ్లలో చెల్లింపవలెను, గడువు దప్పినచో బయానా యేమగును, ఈ మూడును అందు విశదముగా నుండవలయును.

హక్కును నిజముగా మార్చునది విక్రయ దస్తావేజు. 100 రూపాయలును అంతకు పైబడిన విలువగల స్థిరాస్తి యమ్మకము రిజిస్టరు పత్రముననే జరుగవలయును. వ్రాసి సంతకములైన దినము మొదలు 4 మాసములలో దానిని రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెను. అందలి ప్రతిఫలమను మాటకు కొనువారు చెల్లించిన వెల యని యర్థము. మార్కెటు విలువ యనునది స్టాంపుసుంకము లెక్కించుటకు ప్రభుత్వము నిర్ణయించిన విలువ. అది అసలు బేరపు వెల కానక్కరలేదు. సుంకము మిగులునను నాశచే ప్రతిఫలమును తగ్గించి వ్రాయించువారు కలరు. అది చట్టవిరుద్ధమగుటయే గాక, తగవు వచ్చి సొమ్ము తిరిగి రాబట్టవలసినపుడు పత్రములోని మొత్తమే మనకు సాక్ష్యముగా నిలుచును.

పాత దస్తావేజులలో అష్టభోగములతో అమ్మితిమని యుండును. నిధి యనగా పాతర. నిక్షేపము దాచియుంచిన సొమ్ము. జలము, పాషాణము స్పష్టమే. అక్షీణి తరుగని ఫలము. ఆగామి ఇకముందు రాగల లాభము. సిద్ధము ఇదివరకే సాగులోనున్నది. సాధ్యము ఇకమీద సాధింపదగినది. భూమితో పాటు దానివలని సమస్త ఫలమును ఇచ్చితిమని భావము. ఐనను నిధి విషయమున పత్రముకంటె శాసనమే పైది: 1878 నాటి చట్టము ప్రకారము 10 రూపాయలకు మించిన నిధి దొరకినయెడల కలెక్టరునకు తెలియజేయవలయును.

జి.పి.ఎ. యనునది యజమాని తన పక్షమున వ్యవహరించుటకు మరియొకరికిచ్చు అధికారపత్రము. దానిని చేతబట్టి యిల్లు కొంటిమని తృప్తిపడినవారనేకులు. జి.పి.ఎ., అగ్రిమెంటు, వీలునామా కలిపి వ్రాయించుకొన్నను అది విక్రయము కానేరదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ వ్యాజ్యమున తీర్పుచెప్పినది. సాధారణముగా ఇచ్చినవారు మరణించినతోడనే యా యధికారము ముగియును. మన పేర ఆస్తియుండి, జి.పి.ఎ.పై చేవ్రాలు కోరబడినపుడు అది యొక చిన్న కాగితమని యెంచరాదు. అమ్ముటకు, తాకట్టుపెట్టుటకు అందధికారమున్నదో లేదో చదివి చూడవలయును.

ఇంటివారి నడుమ జరుగు పత్రములు

బంధువులలో ఆస్తి చేతులుమారుటకు దానము, దఖలు, భాగపత్రిక, హక్కు విడుదల, వీలునామా యని పలు తెరగులు గలవు. దానపత్రము రిజిస్టరై, ఇద్దరు సాక్షులను గలిగి, దాత జీవించియుండగనే గ్రహీతచే అంగీకరింపబడవలయును. దఖలును నేడు సెటిల్‌మెంటు అనుచున్నారు. ఒకసారి చెల్లిన దానమును మనసు మారినదని తిరిగి తీసికొనుట సాధ్యము కాదు. వీలునామా అట్టిది కాదు. వ్రాసినవారి మరణానంతరమే అది యమలునకు వచ్చును, జీవించియుండగా నెన్నిమారులైనను మార్చవచ్చును. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు గాని ఇద్దరు సాక్షులుండవలెను.

ఈ భేదము వృద్ధమాతలకు మిక్కిలి ముఖ్యము. కుమారుడు చూచుకొనునని యింటిని దఖలు వ్రాసియిచ్చి, పిదప ఆ యింటనే అతిథివలె దినములు గడపుచున్న తల్లులను మన వీథులలో చూచుచునేయున్నాము. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము కొంత రక్ష గల్పించినది: పోషింపవలయునను నియమముతో ఆస్తి పొందినవారు ఆ నియమమును దప్పిన యెడల, ట్రిబ్యునలు ఆ బదలాయింపును రద్దుచేయవచ్చును. కాని యా నియమము పత్రములో స్పష్టముగా వ్రాయబడియుండుట మేలు. ప్రేమను కాగితముపై వ్రాయుట యేలయని సంకోచింపనక్కరలేదు. ఉన్న ప్రేమకు కాగితము హాని చేయదు.

హక్కు విడుదల పత్రమనునది ఆడపడుచుల ముందు తరచుగా బెట్టబడునది. “ఊరక లాంఛనమునకు ఒక సంతకము” అని యందురు. అది లాంఛనము కాదు. అందు చేవ్రాలు చేసిన యామె తన వాటాను వదలుకొన్నట్లే. తెలిసి, ఇష్టపడి, అన్నదమ్ములకిచ్చుట యౌదార్యము. తెలియక యిచ్చుట నష్టము మాత్రమే.

షెడ్యూలు, కొలతలు

దస్తావేజు చివర ఆస్తిని వర్ణించు భాగము షెడ్యూలు. గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు ఇందుండును. గృహిణులు చదువవలసిన భాగమొక్కటే యని చెప్పవలసివచ్చినచో నేను దీనినే చెప్పుదును. ఏలయన పత్రమంతయు సరిగానుండి షెడ్యూలు తప్పినచో మనము కొన్నది పొరుగువారి స్థలమగును. కాగితముపట్టుకొని ఆ స్థలమున నిలిచి, తూర్పున నెవరిది, దక్షిణముననెవరిది యని పొల్చి చూడవలెను. కొలతకును హద్దులకును పొత్తు కుదరనపుడు సాధారణముగా హద్దులకే ప్రాధాన్యమిత్తురు. ఇంటికి పోవు దారి యెవరిది, నడిమిగోడ ఉమ్మడిదా, చూరునీరు ఎవరి వైపు పడును అనునవియు వ్రాయించుకొనదగును.

కొలతలలో ఆంధ్రమున సెంటు, తెలంగాణమున గుంట వాడుక. ఎకరము 100 సెంట్లు, లేక 40 గుంటలు, లేక 4,840 చదరపు గజములు. కావున సెంటునకు 48.4 గజములు, గుంటకు 121 గజములు. గజమునకు 9 చదరపుటడుగులు. 5 సెంట్ల స్థలమనిరేని 242 గజములుండవలెను. హెక్టారు ఇంచుమించు 2.47 ఎకరములు. అంకణము మాత్రము ఊరూరికి మారును: ఒకచోట 36, ఒకచోట 72 చదరపుటడుగులు. అంకణములలో బేరమాడిన యెడల దానిని అడుగులలోనికి మార్చి పత్రమున వ్రాయించుకొనవలయును.

ఋణభారములు

ఈ.సి. యనునది ఆస్తిపై రిజిస్టరైన వ్యవహారములను దెలుపు పత్రము. దానిని ఇపుడు రెండు రాష్ట్రములందును అంతర్జాలమునందే చూడవచ్చును. ఆంధ్రప్రదేశమున 1983కు పూర్వపు వానికై కార్యాలయమునకే పోవలెను. ఇందు లేనంతమాత్రమున అప్పేలేదని యనుకొనరాదు. రిజిస్టరు కాని వ్యవహారములు ఇందు గానరావు. అందుచేతనే అసలు దస్తావేజును చూపుమని యడుగవలెను. జెరాక్సు ప్రతి మాత్రమే చూపువారి యసలు పత్రము బ్యాంకులో కుదువయుండవచ్చును. పత్రములను బ్యాంకున నుంచి యప్పుదెచ్చుట తాకట్టులలో నొక తెరగు. ఆస్తిని ఋణదాతకు అప్పగించి, దాని ఫలమును వడ్డీక్రింద ననుభవింపనిచ్చుట భోగ్యము, లేక స్వాధీన తాకట్టు.

మరియొక భారము భూమి పుట్టుకయందే యుండవచ్చును. పేదలకు ప్రభుత్వము పట్టాయిచ్చిన అసైన్డు భూముల యమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. అటుపిమ్మట సవరణములు గలిగినవి గనుక, ఆ భూమికి నేడు వర్తించు నియమమును రెవెన్యూ కార్యాలయమున విచారింపక సొమ్మీయరాదు. రిజిస్ట్రేషను నిషేధింపబడిన సర్వే నంబర్ల పట్టికలు ప్రత్యేకముగా గలవు. వానిని చూచుట కొద్దిపాటి పని, చూడకుండుటవలని దుఃఖము చిరకాలము.

అపార్టుమెంటు మాటలు

బహుళాంతస్తుల భవనమున మనము కొనునది గోడల నడిమి యిల్లును, నేలలో అవిభక్త వాటాయును. ఆ వాటా యెన్ని గజములో పత్రమున నుండవలెను. భవనము పాతబడి కూలినపుడు మిగులునది అదియే. విస్తీర్ణమున మూడు లెక్కలు గలవు. కార్పెట్ ఏరియా యనగా లోపల వాడుకొనదగిన నేల. లోపలి అడ్డుగోడలు ఇందు జేరును, వెలుపలి గోడలు, బాల్కనీ చేరవు. వెలుపలి గోడలను, బాల్కనీని కలిపిన బిల్టప్ ఏరియా యగును. మెట్లు, లిఫ్టు, నడవలలోని పాలును జేర్చిన సూపర్ బిల్టప్ ఏరియా. 1,200 అడుగుల యిల్లని కొని, లోపల చాపలు పరచి కొలిచి చింతించువారు ఈ మూడింటి భేదమును ముందే యడిగినవారు కారు.

2016లో వచ్చిన రెరా చట్టము కార్పెట్ ఏరియాకు నిర్వచనమిచ్చినది. రిజిస్టరైన అగ్రిమెంటు లేనిదే నిర్మాణదారుడు వెలలో పదవ వంతుకు మించి ముందు తీసికొనరాదనియు, ఇల్లప్పగించిన 5 ఏండ్లలో బయటపడిన నిర్మాణదోషములను తన ఖర్చుతో సరిచేయవలెననియు శాసించినది. ఆ భవనమునకు రెరా నంబరు గలదా యని యడుగుట మన హక్కు.

అద్దె, కౌలు, లైసెన్సు

బదిలీలుగల యుద్యోగుల కుటుంబములకు కొనుటకంటె అద్దెయే తరచు. కౌలు, లేక లీజు, అనగా ఒక కాలమునకు అనుభవించు హక్కునిచ్చుట. లైసెన్సు అనగా అనుమతి మాత్రమే. అందు హక్కు లేదు. 11 మాసములకే వ్రాయుట ఒక యాచారమైనది. ఏడాదికి మించిన కౌలునకు రిజిస్ట్రేషను వలయునని జాతీయచట్టము చెప్పుటయే దానికి కారణము. కాని 1999 సవరణము ఆంధ్రప్రదేశమున గడువుతో నిమిత్తము లేక కౌళ్లన్నిటికిని రిజిస్ట్రేషనును విధించినది. రిజిస్టరు కాని కౌలుపత్రమందలి షరతులు కోర్టున సాక్ష్యముగా నిలుచుట దుర్ఘటము.

వేరు ఒప్పందము లేనిచో నెలవారీ అద్దెను ముగించుటకు 15 దినముల నోటీసు చాలునని 1882 చట్టము. పిల్లల పరీక్షల నడుమ ఇల్లు వెదకవలసిన దురవస్థ రాకుండ, రెండు మూడు మాసముల నోటీసును వ్రాయించుకొనుట మేలు. ఇంటియజమాని చేయవలసిన మరమ్మతులను, చెప్పినను తగిన కాలములో చేయనిచో, అద్దెయున్నవారు చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చును. అడ్వాన్సు సొమ్ము ఎంత, ఎప్పుడు తిరిగి యిత్తురు, సున్నమునకును రంగునకును ఎంత పట్టుకొందురు, ఇవి నోటిమాటగా విడువదగినవి కావు.

స్త్రీ పేరను గల ఆస్తి

1937 చట్టము హిందూ విధవకు భర్త యాస్తిలో వాటానిచ్చినను అది పరిమిత స్వత్వమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ ప్రకరణముచే, స్త్రీకి గల యాస్తియందామె సంపూర్ణ హక్కుదారు అయ్యెను. కాని దానమో వీలునామాయో డిక్రీయో పరిమితమైన హక్కునే యిచ్చినపుడు ఆ పరిమితి నిలుచును. అందుచేతనే “జీవితానుభవము” అను మాటను మొదటనే హెచ్చరించితిని. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో అవివాహితలైన కుమార్తెలకు సమభాగమును ఆంధ్రప్రదేశము 1985 మొదలు కల్పించెను. 2005లో దేశమంతట కుమార్తెలకెల్ల సమహక్కు వచ్చినది. ఆ నాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. క్రైస్తవులకు, మహమ్మదీయులకు వారి వారి వారసత్వ నియమములు వేరు.

పెండ్లినాడు పసుపుకుంకుమల క్రింద నోటిమాటతో ఇచ్చిన భూములపై అనేక వ్యాజ్యములు నడచినవి. ఇచ్చు తల్లిదండ్రులు ఆ యూరేగింపునకై పెట్టు ఖర్చులో కొంత స్టాంపుకాగితమునకు పెట్టి, దస్తావేజు వ్రాయించిన యెడల కూతున కిచ్చినది కూతునకే నిలుచును.

సోదరీమణులారా! న్యాయవాదికి జూపుటకు పూర్వము, దస్తావేజు చిత్తుప్రతిని ఒక రేయి ఇంటనుంచి తీరికగా చదువుడు. ఎవరినుండి వచ్చుచున్నది, ఏ భూమి, ఏ హక్కు, ఏ భారముతో, అను నాలుగు ప్రశ్నలకును పత్రమునందే బదులు దొరకవలెను. దొరకనిచోట గీతగీసి యడుగుడు. తెలియనిది యడిగిన యిల్లాలిని చూచి లేఖరి ఒక క్షణము విసుగుకొనిన గొనుగాక. ఆ యింట నివసింపవలసినది మనము, అతడు కాదు.